లేక్ వాషింగ్టన్‌లో పాత డాక్ మార్చడం: చేపకీ మనిషికీ కలిపి 480 చదరపు అడుగులు

సియాటిల్‌కి తూర్పున లేక్ వాషింగ్టన్ ఒడ్డున ఇల్లు కొంటే, ఇంటితోపాటు తరచూ ఒక పాత డాక్, అంటే పడవ కట్టుకోవడానికి నీళ్లలోకి కట్టిన వంతెనలాంటిది, కూడా చేతికొస్తుంది. తారులాంటి క్రియోసోట్ పట్టించిన మొద్దు స్తంభాలు, ఎనిమిదడుగుల వెడల్పు, సందు లేకుండా పరిచిన చెక్కలు, ఒడ్డుకి ఆనుకుని ఒక పెద్ద అరుగు. పిల్లలు పరిగెత్తినా నీళ్లలో పడరు, నాలుగు కుర్చీలు వేసుకోవచ్చు. దాన్ని పీకి కొత్తది కట్టాలనుకున్న రోజున తెలుస్తుంది, అలాంటిది మళ్లీ కట్టనివ్వరని. ఇలాంటి మార్పిడిని మొదటి కొలత నుంచి చివరి బోల్టు దాకా దగ్గరుండి చూశాక రాస్తున్నాను. ఇక్కడి అంకెలు ఎక్కువగా కర్క్‌లాండ్ తీర నిబంధనలవి. బెల్‌వ్యూ, మెర్సర్ ఐలండ్ లాంటి పక్క ఊళ్లలో తేడాలుంటాయి, మీ ఊరి కోడ్ చూసుకోండి.

ముందు చేప సంగతి, ఎందుకంటే ప్రతి అంకె వెనకా అదే ఉంటుంది. సీడర్ నదిలో పుట్టిన చినూక్ సాల్మన్ పిల్లలు శీతాకాలం చివర్నుంచి వేసవి మొదటి దాకా ఈ సరస్సులో ఒడ్డు వెంబడే, మోకాలి లోతు నీళ్లలో ఈదుకుంటూ ఉత్తరానికి వెళ్తాయి. వెలుగులోంచి చటుక్కున చీకటి పడ్డ చోటు కనిపిస్తే అవి దాని కిందకి దూరవు. డాక్‌ని చుట్టుకుని లోతుకి మళ్లుతాయి. ఆ నీడలోనే, ఆ స్తంభాల చాటునే బాస్ చేపలు కాచుకుని ఉంటాయి. అవి ఇక్కడి చేపలు కావు, ఎవరో తెచ్చి వదిలినవి. పైగా డాక్ నీడంటే వాటికి ప్రాణం. పుజెట్ సౌండ్ అనే ఇక్కడి సముద్రపు పాయ చినూక్‌ని 1999లో ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కిందకి తెచ్చారు. 2007లో స్టీల్‌హెడ్ అనే చేప కూడా ఆ జాబితాలో చేరింది. నీడ తగ్గించు, స్తంభాలు తగ్గించు, ఒడ్డు దగ్గర ఏమీ పెట్టకు. నిబంధనలన్నీ ఈ మూడు మాటలకే కొలతలు.

మనకి భద్రత అనగానే తట్టేవి సరిగ్గా వీటికి ఎదురు. వెడల్పు పెంచుదాం, సందులు మూసేద్దాం, స్తంభాలు దగ్గర దగ్గరగా వేద్దాం, లైట్లు పెడదాం. ఇవన్నీ మొదటి డ్రాయింగులోనే ఉంటాయి, మొదటి రివ్యూలోనే కొట్టేస్తారు. ఒక్కోటి ఏ ప్రమాదం కోసం అడుగుతున్నామో విడదీసి చూస్తే చాలావాటికి నీడ పడని జవాబు దొరుకుతుంది. కొన్నిటికి దొరకదు.

పని మొదలుపెట్టాల్సింది డాక్ బొమ్మతో కాదు, నీటి అడుగు కొలతతో. ఈ సరస్సు మన చెరువులకి తిరగేసిన పద్ధతి. 1916లో సరస్సుని సముద్రానికి కలిపే షిప్ కెనాల్ తవ్వినప్పుడు నీటిమట్టం సుమారు 9 అడుగులు దిగింది. అప్పట్నుంచి బాలర్డ్ దగ్గరి లాక్స్ అనే నీటి గేట్లతో ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం) వాళ్లే మట్టం నడిపిస్తున్నారు. వేసవికి నిండా 22 అడుగులకి తెస్తారు, చలికాలానికి 20కి దింపుతారు. ఈ 22, 20 అనేవి కోర్ సొంత డేటమ్‌లో, అంటే ఎత్తులకి వాళ్లు సున్నాగా పెట్టుకున్న మట్టం నుంచి, లెక్కలు. సర్వేయర్లు ఈ రోజుల్లో వాడే నావ్‌డ్ 88 డేటమ్‌లో అవే మట్టాలు మూడడుగులకి పైగా తక్కువ అంకెలుగా కనిపిస్తాయి. ఒడ్డు సర్వే ఒక డేటమ్‌లో, లోతుల పటం ఇంకో డేటమ్‌లో ఉండి, రెంటినీ ఒకే షీట్ మీద పరిస్తే మీ డాక్ కొస దగ్గర లోతు మూడడుగులు తప్పుతుంది. మా పాత సర్వే కాగితంలో డేటమ్ పేరే లేదు. కొత్తగా కొలిపించడానికి అయిన ఖర్చు, తర్వాత డ్రాయింగులు మార్చడానికి అయ్యేదానికంటే చాలా తక్కువ. ప్రతి షీట్ మూలన డేటమ్ రాయించండి.

లోతు ఎందుకింత ముఖ్యమంటే, దారి కొసన ఎల్ అనే అడ్డముక్కని నిండు నీటి గీత నుంచి 30 అడుగుల లోపల పెట్టనివ్వరు, పైగా దాని ఒడ్డువైపు అంచు దగ్గర 9 అడుగుల లోతుండాలి. కాగితాల్లో ఆర్డినరీ హై వాటర్ మార్క్ అనేదే ఈ నిండు గీత. ఒక్క ఇంటికి మొత్తం 480 చదరపు అడుగులు. ఇద్దరు పొరుగువాళ్లు కలిసి ఒకటే కట్టుకుంటే 700, ముగ్గురూ ఆపైనా అయితే 1000. నడిచే దారి 4 అడుగుల వెడల్పు, ఎల్ 6 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు మించకూడదు. ఫింగర్ అనే సన్న పలక 2 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు.

లెక్క చూడండి. సరస్సు అడుగు త్వరగా దిగే చోట 60 అడుగుల దారి చాలు: 240. నిండు ఎల్‌కి 156, ఫింగర్‌కి 40. మొత్తం 436, ఇంకా 44 మిగులుతాయి. అడుగు చదునుగా ఉండి 9 అడుగుల లోతు రావడానికి 80 అడుగులు పోవాల్సొస్తే దారికే 320. ఎల్‌తో కలిపి 476. ఫింగర్ పోయినట్టే. పడవ కట్టుకోవాలా, కూర్చోవాలా అన్న ప్రశ్న నిజానికి సరస్సు అడుగు తేల్చేస్తుంది. అప్పుడు ఎల్‌ని కోసి ఫింగర్ ఉంచుకోమంటాను. పడవలోకి ఎక్కేటప్పుడు పక్కన నిలబడ్డానికి పలక లేకపోతే జనం పడవ అంచు మీదనుంచి దూకుతారు. నేను చూసినంతలో జారిపడేది ఎక్కువగా అక్కడే.

ఇక దూలాలు. మొదటి జత స్తంభాలు నిండు గీత నుంచి 18 అడుగుల అవతలే ఉండాలి. ఒడ్డు మీది పునాది గీతకి రెండడుగులు ఇవతల ఉంటుందనుకుంటే మొదటి అంతరం 20 అడుగులు. మధ్యలో ఆనుడు లేదు. నాలుగడుగుల వెడల్పు మీద చదరపు అడుగుకి 40 పౌండ్ల జనభారం, 15 పౌండ్ల సొంత బరువు పెడితే పొడవు అడుగుకి 220 పౌండ్లు. రెండు దూలాలు పంచుకుంటే ఒక్కోదానికి 110. బలం కంటే ముందు ఊగడమే ఇబ్బంది పెడుతుంది. పొడవులో 360వ వంతు, అంటే అంగుళంలో మూడింట రెండొంతులు మించి వంగకుండా చూస్తే, చెక్కలో పదకొండుంపావు అంగుళాల లోతున్న 4×12 దూలం కావాలి. ఉక్కులో ఆరంగుళాల డబ్ల్యూ6×12 సరిపోతుంది. ఇది నా చేతి లెక్క. సంతకం పెట్టే ఇంజినీరు అలల తోపుడు, పడవ లాగుడు, భూకంపం కలిపి మళ్లీ చేస్తాడు.

చెక్కా ఉక్కా అన్నది ఇక్కడ ధర ప్రశ్న కాదు. దూలం అడుగు అంచు నిండు గీతకి కనీసం అడుగున్నర పైన ఉండాలి. నీటికీ డాక్‌కీ మధ్య పక్కలనుంచి వెలుగు దూరడానికి ఆ ఎత్తు. పక్కల చెక్కలు కొట్టి మూయడం కుదరదు. 18 అంగుళాలకి చెక్క దూలం, పైన చెక్కల బదులు పరిచే జాలీ మందం కలిపితే నడిచే తలం నిండు నీటికి 31 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఉక్కుతో 26. చలికాలంలో నీరు రెండడుగులు దిగాక ఇవే 55, 50 అవుతాయి. పడ్డవాడికి అందని ఎత్తది.

ఆ ఎత్తే ఈ డిజైన్‌లో అసలు భద్రతా సమస్య. రెయిలింగ్ గురించి ఇంట్లో గంటలు వాదించుకుంటారు గానీ నిచ్చెన గురించి ఎవరూ అడగరు. చలికాలంలో ఈ నీళ్లు ఏడెనిమిది సెల్సియస్ డిగ్రీలుంటాయి. చన్నీటి భద్రత నేర్పేవాళ్లు 1-10-1 అంటారు: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు గంట. ఆ పది నిమిషాల్లో నిచ్చెన దొరకాలి. మడిచి పైకి ఎత్తే నిచ్చెనలు కొట్లో బావుంటాయి, కానీ నీళ్లలో ఉన్నవాడు వాటిని కిందకి లాగలేడు. స్థిరంగా బిగించినదే పెట్టండి. పొడవు చలికాలం మట్టానికి లెక్కవేయాలి: పైతలం నుంచి చలికాలపు నీటిదాకా 50 అంగుళాలు, నీటి కింద కనీసం 30, మొత్తం 80, అంటే ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. వేసవిలో కొలిచి కొన్న నిచ్చెనైతే జనవరిలో కింది మెట్టు నీటి కింద ఆరంగుళాలే ఉంటుంది. నేను రెండు పెట్టమంటాను, ఒకటి ఎల్ కొసన, ఒకటి దారి మధ్యలో పడవ లేని పక్కన. మెట్లు చదునుగా నాలుగంగుళాలుండాలి. గుండ్రటి కడ్డీ మీద మొద్దుబారిన అరికాలు నిలవదు. నిచ్చెనకి నీడ లెక్క రాదు గనక ఎవరూ అడ్డు చెప్పలేదు.

నాలుగడుగుల దారి ఇరుకా అంటే, ఇద్దరు ఎదురైతే ఇరుకే. అంచున మొత్తం పొడవునా చెక్క పట్టీ బిగిస్తే నడిచే వెడల్పు ఇంకా తగ్గుతుంది. అందుకే పట్టీని రెండంగుళాల దిమ్మల మీద లేపి, పడవ కట్టే పక్కన మాత్రమే పెట్టాం. నీరూ వెలుగూ కిందనుంచి పోతాయి, చీకట్లో కాలికి అంచు తగులుతుంది. రెండో పక్కన ప్రతిఫలించే టేపు.

జాలీ విషయంలో ఇంకొంచెం ఆగాలి. పైతలం మొత్తం జాలీనే, కనీసం 40 శాతం వెలుగు దిగాలి. ఒకటిన్నర అంగుళాల గడులున్న ఫైబర్‌గ్లాస్ జాలీలో 70 శాతం ఖాళీ ఉంటుంది. కాగితం మీద అద్భుతం. ఉత్త కాళ్లతో నడిస్తే గుచ్చుకుంటుంది, కుక్క గోళ్లు ఇరుక్కుంటాయి, తాళాలు పడితే మళ్లీ కనిపించవు. చిన్న గడుల మినీమెష్‌లో ఖాళీ 44 శాతం దగ్గర ఉంటుంది, హద్దు దాటుతుంది, కాలికీ సుఖం. పాలీప్రొపిలీన్ సన్నచీలికల పలకలు కూడా నలభై పైనే ఇస్తాయి. ఇంటికి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండే కుటుంబాల్లో చేతికర్ర కొస పట్టని సందు కావాలి. వికలాంగుల దారులకి అమెరికాలో పెట్టిన హద్దు అరంగుళం. పొడవాటి సందులైతే నడకకి అడ్డంగా తిప్పి బిగించాలి. పరిచేవాళ్లు తరుగు తగ్గించుకోవడానికి పొడవునా పరిచేస్తుంటారు, డ్రాయింగులో బాణం గుర్తు వేసి పెట్టండి. ఇసుక కలిపిన గరుకు పైపూత అడగండి, ఇక్కడ తొమ్మిది నెలలు పాచి పడుతుంది. బ్లీచ్ వాడకూడదు, గట్టి బ్రష్షూ నీళ్లే.

ఒకసారి జాలీ వేశాక దాని మీద ఏదీ పరవకూడదన్నది పర్మిట్ షరతు. చాప, కయాక్ స్టాండు, ప్లాస్టిక్ పెట్టె, ఏదైనా సరే. పైనే కాదు, కింద వేలాడదీసినా తప్పే. లైఫ్ జాకెట్ల పెట్టె కూడా ఒడ్డు మీదే. తేలే రింగ్ మాత్రం ఎల్ దగ్గర స్తంభానికి కొక్కెంతో తగిలించాం.

స్తంభాలు తక్కువ, దూరం దూరం. ఇక్కడ ఎపాక్సీ పూత ఉన్న ఉక్కు పైపులు వేస్తారు. క్రియోసోట్, పెంటాక్లోరోఫినాల్ పట్టించిన కర్ర నిషేధం. రాగి కలిసిన మందు పట్టించిన కర్రకి కూడా నిపుణులు జంకుతారు, నీళ్లలో లీటరుకి కొన్ని మైక్రోగ్రాముల రాగి చేరినా సాల్మన్ పిల్లలకి వాసన తెలిసే శక్తి మందగిస్తుంది. వాసన పోతే వేటాడే చేప దగ్గరికొచ్చినా తెలీదు. సన్నటి స్తంభాలు తక్కువగా వేస్తే డాక్ పక్కకి ఊగుతుంది, మామూలుగా అయితే వాటి మధ్య అడ్డబద్దెలు వేస్తాం. నీటి కింద అడ్డబద్దెలు బాస్‌కి ఇల్లు, ఈదే పిల్లలకి ఉచ్చు. అందుకని గట్టిదనం రెండు చోట్లనుంచే రావాలి: భూమిలో దిగిన లోతు, పైన అడ్డదూలానికి బిగించిన గట్టి వెల్డు. ఇక్కడ మెత్తటి బురద కింద హిమనదులు నొక్కేసిన గట్టి మన్ను ఉంటుంది. స్తంభం అనుకున్నదానికంటే ముందే ఆగిపోతే కాంట్రాక్టరు సంతోషంగా పైన కోసేస్తాడు. నిలువు బరువుకి అది చాలు, పక్క ఊపుకి చాలదు. ఎంత లోతు దిగితే ఒప్పుకుంటారో ఇంజినీరుతో ముందే రాయించి, దిగకపోతే ఏం చేయాలో కూడా రాయించండి.

దింపడం కంపన యంత్రంతోనే చేయాలంటారు. సుత్తితో కొడితే శబ్దం నీళ్లలో చేప గాలితిత్తిని చీలుస్తుంది. 2008లో ఇక్కడి సంస్థలు ఒప్పుకున్న హద్దు ఒక్క దెబ్బకి 206 డెసిబెల్స్ గరిష్ఠం, మొత్తం పోగుకి 187, రెండు గ్రాముల కంటే చిన్న చేపలుంటే 183. చివర్లో సుత్తి తప్పకపోతే చెక్కదిమ్మో, గాలిబుడగల తెరో అడుగుతారు.

కరెంటు దగ్గర చేపకీ మనకీ తగువే లేదు, తక్కువైతే ఇద్దరికీ మంచిది. మంచినీళ్లు ఉప్పునీళ్లకంటే ప్రమాదం, ఎందుకంటే నీటికంటే మన ఒళ్లే బాగా కరెంటు మోస్తుంది. పడవ వైరింగులోనో, పడవని పైకెత్తే లిఫ్టు మోటారులోనో చిన్న లీకేజీ ఉన్నా ఈదేవాడి కండరాలు పట్టేస్తాయి, చప్పుడు లేకుండా మునుగుతాడు. అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ ఇళ్ల డాక్‌లని కూడా 555వ ఆర్టికల్ కిందకి తెచ్చింది. లీకేజీ ఇంత దాటితే కరెంటు దానంతటదే ఆగిపోవాలి: పడవకి ఇచ్చే ప్లగ్గుకి 30 మిల్లీ ఆంపియర్లు, డాక్‌కి వచ్చే ఫీడర్ అనే ప్రధాన తీగకి 100, మామూలు ప్లగ్గులకీ బోట్ లిఫ్టుకీ జీఎఫ్‌సీఐ అనే రక్షణ స్విచ్చుతో 5 మిల్లీ ఆంపియర్లు. ఉక్కు స్తంభాలు, దూలాలు, లిఫ్టు అన్నిటినీ రాగితీగతో కలిపి బాండింగ్ చేయాలి, ఒడ్డు మీద అందరికీ కనబడే చోట స్విచ్చు ఉండాలి. ఎవరైనా పట్టేసినట్టు కనిపిస్తే దూకొద్దు, ముందు స్విచ్చు ఆపాలి, రింగ్ విసరాలి. పడవ ప్లగ్గు నిజంగా కావాలా అని రెండుసార్లు ఆలోచించుకోండి. మేం వద్దనుకున్నాం. దీపాలు తక్కువ వోల్టేజీ ఎల్‌ఈడీలు, దారి వైపు కిందకి తిరిగి, మూత ఉన్నవి, మనిషి వస్తేనే వెలిగేవి. నీటి మీద పడే వెలుగు రాత్రిళ్లు సాల్మన్ పిల్లలని ఆపి వేటగాళ్లకి చూపిస్తుంది.

పర్మిట్లు. నీటి పనులకి జార్పా అనే ఉమ్మడి ఫారం ఉంది, జవాబులు మాత్రం వేరువేరుగా, వేరువేరు వేగంతో వస్తాయి. 1971 తీర నిర్వహణ చట్టం కింద నగరం, హెచ్‌పీఏ అనే నీటిపని అనుమతి కోసం రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ, 1899 నాటి రివర్స్ అండ్ హార్బర్స్ చట్టం కింద ఆర్మీ కోర్. దరఖాస్తు పూర్తిగా ఉందని ఒప్పుకున్నాక హెచ్‌పీఏకి చట్టప్రకారం 45 రోజులు. కోర్ ఫైలు ఫెడరల్ చేపల శాఖలకి వెళ్లి రావాలి, ఇక్కడ చేపలు పట్టే ఒప్పంద హక్కులున్న మకల్‌షూట్ అనే స్థానిక అమెరికన్ తెగ వాళ్లూ చూస్తారు, అదే అన్నిటికంటే ఆలస్యం. అందుకని నగరం జవాబు కోసం ఆగకుండా కోర్‌కి మొదటి రోజే పంపాలి. నీళ్లలో పని జులై 16న తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుందో సరస్సులో మీరున్న భాగాన్ని బట్టి. అన్ని కాగితాలూ చేతికొచ్చేసరికి గడువు మూసుకుపోతే మళ్లీ జులై దాకా ఎదురుచూడాలి. పాత డాక్ కొలతలు, ఫోటోలు దరఖాస్తులో గట్టిగా చూపించండి: ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని క్రియోసోట్ స్తంభాలు పోతున్నాయో అంకెల్లో ఉంటే మిగతా మాటలు తేలికవుతాయి.

పనిరోజుల్లో చూడాల్సినవి కొన్నే. బార్జ్ సరస్సు అడుగుకి ఆనకూడదు. పాత స్తంభాలని ఊపి మెల్లగా లాగాలి, లాగాక బురద కడగకుండానే బార్జ్ మీదకెక్కించి లాండ్‌ఫిల్‌కి పంపాలి. జాలీని నీటి మీద కోయకూడదు, ఫైబర్‌గ్లాస్ పొడి అంతా కిందకే పోతుంది. ఒడ్డున కోసి, కోసిన అంచులకి రెజిన్ పూసి తేవాలి. మా దగ్గర ఆఖరి మూడు పలకలు కొలత తప్పి, డాక్ మీదే కోయబోతుంటే ఆపాల్సి వచ్చింది.

చివర్న ఒడ్డున మొక్కలు. సగటున పదడుగుల వెడల్పున, ఒడ్డు పొడవులో 75 శాతం మేర స్థానిక మొక్కలు వేయాలి. సిట్కా విల్లో, రెడ్ ఆసియర్ డాగ్‌వుడ్, వైన్ మేపుల్ లాంటివి. వంటింటి కిటికీలోంచి డాక్ కనిపించే గీత వెంట పొట్టివి, మిగతా చోట ఎత్తువి పెట్టేలా ప్లాన్ గీయించండి, పిల్లలు నీటి దగ్గరుంటే చూపు ఆనాలి. మొక్కలు బతికాయని ఐదేళ్లపాటు చూపించాలి, చచ్చినవాటి బదులు కొత్తవి వేయాలి. ఇక్కడ బీవర్లున్నాయి, విల్లో అంటే వాటికి పండగ. మొదటి రోజే ప్రతి మొక్క చుట్టూ మూడడుగుల ఇనుప వల చుట్టండి. మేం వారం ఆలస్యం చేస్తే పదకొండు మొక్కలు మొదళ్ల దాకా కొరికేశాయి.

మొదటి జనవరిలో, నీరు పూర్తిగా దిగాక, ఒకసారి డాక్ మీదికి వెళ్లి నిచ్చెన కింది మెట్టు నీటి కింద ఎంతుందో టేపుతో కొలవండి. అప్పుడే దూలాల బోల్టులు కూడా తిప్పి చూడండి, ఆ కాలంలో డాక్ కింద ఎక్కువ జాగా ఉంటుంది.